నడిచిపోయిన గంగాళం

గంగాళాన్ని బయటినుంచి ఎంత తోమినా తోమినట్టు కాదని, కోడలి పనితనం దాని అడుగున తెలుస్తుందని ఉప్పలమ్మ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టే భారం, కాపురానికి వచ్చిన నాటినుంచి కౌసల్య నడుము మీద పడింది. రోజూ కోడికూతకు లేచి, నల్లగొండ పక్కనున్న పానగల్లులోని ఆ ఇంటి పెరట్లో గంగాళాన్ని అడ్డంగా పడుకోబెట్టి, భుజాలదాకా అందులోకి దూరి, చింతపండూ బూడిదా పట్టించి ఆమె రుద్దుతుంటే, లోపల తన ఊపిరి తనకే గాలివానలా వినిపించేది. బయట ఎవరేమన్నా మోతగా మారి చెవికి చేరేది. నిజాము రాజ్యం నిలుస్తుందా కూలుతుందా అని ఊరంతా వాదించుకుంటున్న రోజుల్లో, ఆ వాదాలన్నీ కౌసల్య గంగాళంలోనుంచే విన్నది. అందువల్ల ఎవరి మాట న్యాయమో తేల్చుకోలేకపోయినా, అందరికీ గొంతులు పెద్దవని మాత్రం గ్రహించింది.

గంగాళం తరువాత బిందెలు, వాటి తరువాత కొప్పెర, తాంబాళం, చెంబులు, అన్నం తినే కంచు తలెలు. అన్నీ ఉప్పలమ్మ అత్తగారి నాటివి. చుట్టాలు వచ్చి, "మీ ఇత్తడి బంగారం లెక్కనే ఉన్నది భీమయ్యా" అంటే, కౌసల్య భర్త భీమయ్య తానే తోమినంత వినయంగా తలవంచుకునేవాడు. చింతపండు పులుపుకు ఆమె వేళ్ల సందులు పగిలి, కూరలో ఉప్పు వేసేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ మాత్రం పగలనిది ఆడదాని చెయ్యి ఎట్లా అవుతుందని ఉప్పలమ్మ ఒకసారి అన్నది. అంటూనే తన చేతులు కొంగు కిందికి లాక్కున్నది. కౌసల్య అప్పుడు మాటనే విన్నది గాని చేతులను చూడలేదు.

ఆ ఏడు వానకాలంలో రజాకార్లు చుట్టుపక్కల ఊళ్ల మీద పడి దోచుకుపోతున్నారన్న కబుర్లు రోజుకొకటి వచ్చేవి. ఇంట్లోని ఇత్తడినంతా పెరట్లో పాతిపెట్టాలని భీమయ్య నిశ్చయించాడు. ఒక వెన్నెల రాత్రి కొడుకు లింగస్వామిని తోడు తీసుకొని, ఆడవాళ్లను లోపలికి పంపి, తలుపుకు బయటినుంచి గొళ్లెం పెట్టాడు.

"ఆడోళ్ల నోట్ల నువ్వుగింజ నానది. జాగా మీకు తెల్వకుంటనె మంచిది" అని కారణం కూడా చెప్పాడు.

గుర్తుకు కట్టెగాని రాయిగాని పెట్టలేదు. పెడితే దొంగకు దారి చూపినట్టే కదా. గడ్డివాము నీడ కొస ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడ తవ్వించాడు. ఇంతటి ఉపాయం తనకు తట్టినందుకు చాలా రోజులు తనలో తాను నవ్వుకున్నాడు.

తెల్లవారి పెరడు ఊడ్వడానికి వెళ్లిన కౌసల్యకు ఆ ఉపాయం ఆమడ దూరంనుంచే కనిపించింది. పెరటి నడుమ కొత్త మన్ను గుట్టగా పోసి ఉంది. చుట్టూ తండ్రీకొడుకుల అడుగులు. గుడ్డివాడు తడిమినా దొరికేటట్టున్నది. ఆమె ఎవరినీ లేపలేదు. మన్ను చదును చేసి, పెంటకుప్ప నుంచి గంపెడు ఎరువు తెచ్చి పరిచి, చూరుకు కట్టిన సొరబుర్ర దించి నాలుగు విత్తనాలు గుచ్చింది. స్నానాల నీళ్లు అటు పారేటట్టు చిన్న కాలువ తీసింది. అవసరం వచ్చిన రోజు చెబుదాంలే అనుకున్నది.

ఇత్తడి మన్నులోకి పోయిన మరునాటినుంచి ఇంట్లో కుండలూ మోదుగాకు విస్తర్లూ వచ్చాయి. కుండను రెండుసార్లు కడిగితే చాలు, విస్తరిని పారేస్తే చాలు. కోడి కూసిన తరువాత పొద్దు పొడిచేదాకా అంత ఎడం ఉంటుందని కౌసల్యకు అంతవరకు తెలియదు. మొదట్లో ఆ ఖాళీలో ఏం చేయాలో తోచక, తోమే బండ మీద ఊరికే కూర్చునేది. తరువాత తరువాత ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని, అది తనకు బాగానే వస్తుందని తెలుసుకున్నది. నెల తిరిగేసరికి వేళ్ల పగుళ్లు మానాయి. పత్తి ముట్టుకుంటే పత్తిలాగే తగిలింది.

లింగస్వామికి అప్పుడప్పుడే మీసాలు మొలుస్తున్నాయి. సంఘం సభలకు పోయి, వెట్టి ఎట్లా పుట్టిందో ఎట్లా పోవాలో నేర్చుకొని వచ్చి, గడపలో నిలబడి ఇంటిల్లిపాదికీ చెప్పేవాడు. "ఇగ ఎవ్వలు గూడ కూలి లేకుంట పని చెయ్యద్దమ్మా. పొద్దు లేదు, మాపు లేదు, అడిగెటోడు లేడు అంటే అది వెట్టే" అని, అదే ఊపులో "దూప అయితాంది, నీళ్లు తే" అనేవాడు. కౌసల్య తెచ్చి ఇచ్చేది. కొడుకు చెప్పింది ఆమెకు బాగానే అర్థమైంది. కొడుకుకే ఇంకా అర్థం కాలేదని కూడా అర్థమైంది.

భాద్రపదంలో యూనియన్ పటాలాలు వచ్చాయి. వారం తిరగకముందే రజాకార్ల పీడ విరగడైంది. ఊరంతా జెండాలు పట్టుకొని రోడ్డుకు పరుగెత్తుతుంటే భీమయ్య గడ్డపార పట్టుకొని పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ గడ్డివాము ఉంది, నీడ కూడా ఉంది. అయితే అది పగటి నీడ. సరే, రాత్రికి చూద్దామని ఆగాడు. రాత్రి నీడ పశువుల కొట్టం గోడ మీద పడింది. మరో రాత్రి పక్కవాళ్ల దొడ్లో పడింది. పైగా ఇన్నాళ్లూ ఎద్దులు మేయగా వాము సగానికి కుంగింది.

"బాపూ, సందమామ ఒక్క జాగల ఉండడు. దినాం జరుగుతడు" అన్నాడు లింగస్వామి.

"సంఘంల నువ్వు నేర్చింది గిదేనా?" అన్నాడు భీమయ్య.

చంద్రుడు కదులుతాడని ఒప్పుకుంటే తన ఉపాయం కూలుతుంది. కనుక భీమయ్య చంద్రుణ్ణి నమ్మక తవ్వకాన్నే నమ్మాడు. ఒక గోతిలో బర్రెదూడ పడి కాలు బెణికింది. గోడ మొదట్లో తవ్వినందుకు కొట్టం గోడ ఒకవైపు ఒరిగి, ఒక మధ్యాహ్నం హాయిగా పడుకున్నది. ఇంకొక గోతిలో భీమయ్యే పడ్డాడు. పెరడు పెద్ద జల్లెడలా తయారైంది.

తవ్వకం మొదలైన రోజే కౌసల్య చెబుదామని దగ్గరికి పోయింది. "నువ్వు జరుగు, గిండ్ల నీకేమెరుక" అన్నాడు భీమయ్య. ఆమె జరిగింది. ఆ ఇంట్లో తువ్వాల కనబడకపోయినా, చుట్ట కనబడకపోయినా, ఒంటి చెప్పు కనబడకపోయినా ఆమెనే అడుగుతారు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అడగనిదానికి చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదని ఆమె చాలాసేపు ఆలోచించి తేల్చుకున్నది.

ఆమె నోరు మూసిన అసలు సంగతి వేరే ఉంది. అలజడిలో మూతబడ్డ నల్లగొండ బడి మళ్లీ తెరిచారు. ఇప్పుడు తెలుగులోనే చెబుతారని కూతురు యాదలక్ష్మి ఎక్కడో విని వచ్చి, పోతానని మొండికేసింది. ఈడొస్తున్న పిల్లకు బడేమిటని భీమయ్య మొదట కసిరాడు. కుండలూ విస్తర్లూ ఉన్న ఇంట్లో పిల్లకు చెప్పడానికి పని దొరకక, చివరికి మెత్తబడ్డాడు. "సరే పోనియ్యి. ఇత్తడి దొరికిందాక పోనియ్యి. దొరికినంక తోముడు నేర్వాలె గద, మీ అమ్మ నడుము ఎన్నొద్దులు ఆగుతది" అన్నాడు. ఆ మాటలో భార్య నడుము మీద దయ కూడా ఉందని అతని నమ్మకం.

అంటే ఒక గడ్డపార పోటుకూ, తన బిడ్డ తల గంగాళంలో దూరడానికీ నడుమ ఉన్నది ఒక సొరపాదు. కౌసల్య దానికి రెండు పూటలా నీళ్లు పోసింది. పాదు ఏపుగా పెరిగి కొట్టం కప్పు మీదికి పాకింది. ఇంటిల్లిపాదీ సొరకాయ కూర తిన్నారు, పులుసు తిన్నారు, గింజలు వేయించుకొని తిన్నారు. ఆ పాదు ఎప్పుడు పుట్టిందని మాత్రం తినేవాళ్లలో ఎవరూ అడగలేదు. ఒక్కసారి లింగస్వామి దాని మొదట్లో గడ్డపార ఎత్తాడు. అంతలో అరుగు మీదినుంచి ఉప్పలమ్మ విరుచుకుపడింది.

"పిందె మీదున్న పాదును కదిలిస్తవార? మీ అయ్య బర్రెదూడను కుంటిజేసె, గోడ పండవెట్టె. ఇగ కూర గూడ లేకుంట చేస్తవా?"

లింగస్వామి గడ్డపార దించాడు. ముసలామె నాలుక రుచి తన బిడ్డను కాపాడిందని కౌసల్య లోపలే దండం పెట్టుకున్నది.

గడ్డపారకు దొరకనిది మంత్రానికి దొరుకుతుందని భీమయ్యకు ఎవరో నూరిపోశారు. దీపావళి అమావాస్యనాడు హాలియా దిక్కునుంచి పర్వతాలు అనే అంజనం వేసే మనిషి వచ్చాడు. తమలపాకు మీద కాటుక పూసి, అందులోకి తదేకంగా చూసే మనిషికి పోయిన వస్తువు కనిపిస్తుందట. అయితే ఆ చూసే మనిషి ఎదురుకాళ్లతో పుట్టి ఉండాలి. యాదలక్ష్మి అట్లాగే పుట్టింది. పిల్లను చక్కగా కనడం కూడా రాలేదని ఇన్నాళ్లూ కౌసల్య పడ్డ మాట ఆ పూట ఇంటికి అక్కరకొచ్చింది. పిల్లను పీట మీద కూర్చోబెట్టి సాంబ్రాణి వేశారు. దిక్కు దిక్కునా తవ్వుతుంటే తల్లితోపాటు సొరపాదుకు నీళ్లు పోసింది ఆ పిల్లే. దానికి ఏం తెలుసో ఎంత తెలుసో కౌసల్యకు తెలియదు. తలుపు చాటున నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకున్నది.

"ఊడ్చేటామె వచ్చిందా బిడ్డా?" అన్నాడు పర్వతాలు. అంజనంలో ముందు ఒక ఆడమనిషి వచ్చి ఊడ్చి చల్లితేగాని దేవుడు రాడని కౌసల్య అప్పుడే విన్నది. అక్కడ కూడానా అనుకున్నది.

"వచ్చింది."

"ఇగ స్వామి వచ్చిండా?"

"రాలే. ఆమె ఇంక ఊడుస్తనే ఉన్నది. జాగంత బొందలే ఉన్నయి."

లింగస్వామి మూతి బిగించి నవ్వాపుకున్నాడు. భీమయ్య ఉరిమి చూశాడు. కొంతసేపటికి, ఎట్లాగో ఊడ్వడం పూర్తయి, స్వామి వచ్చి కూర్చున్నాడు. ఇత్తడి ఎక్కడుందో అడగమన్నాడు పర్వతాలు. యాదలక్ష్మి తమలపాకు మీదికి వంగింది. సాంబ్రాణి పొగకు కళ్లలో నీళ్లు కారుతున్నా రెప్ప వేయలేదు.

"లేస్తున్నయి" అన్నది.

"ఏం లేస్తున్నయి బిడ్డా?"

"గంగాళం లేచింది. దాని ఎనుక బిందెలు. చెంబులు ఉరుకుతున్నయి. వాగు దిక్కు పోతున్నయి."

పర్వతాలు తెరిపిన పడ్డట్టు ఊపిరి తీసుకున్నాడు. పాతిన లోహం భూమిలో నడుస్తుందని, వస్తువు దొరకని ప్రతి ఇంట్లోనూ అతను చెప్పే మాటే అది. పిల్ల తనకంటే ముందు చెప్పింది. మళ్లీ వస్తాయా అని అడిగించాడు. గంగాళం తలకాయ అడ్డం ఊపుతున్నదని చెప్పింది యాదలక్ష్మి. గంగాళానికి తలకాయ ఎక్కడిదని లింగస్వామి అడిగితే, మంత్రం చెడుతుందని పర్వతాలు కసిరాడు.

అందరికంటే వెలిగిన ముఖం భీమయ్యది. "నేను పాతిన జాగా తప్పయితదా? నా గుర్తు నిక్కమే. అవ్వే నడిచిపోయినయి" అని, పర్వతాలుకు కొత్త తువ్వాలా, కుంచెడు బియ్యమూ ఇచ్చి సాగనంపాడు. సాయంత్రానికి ఆ కథ ఊరంతా చెప్పాడు. చెప్పినకొద్దీ గంగాళం నడక జోరందుకున్నది. తప్పు తనది కాదని తేలితే మనిషికి ఎంత ఇత్తడి పోయినా పోయినట్టుండదు.

మాపటి వెలుగులో కూతురి తల దువ్వుతూ కౌసల్య మెల్లగా అడిగింది, నిజంగా ఏమన్నా కనబడిందా అని.

"కాటుకల ఏం కనవడ్తదమ్మా" అన్నది యాదలక్ష్మి, దువ్వెన లాగుడుకు తల వెనక్కి వాలుస్తూ. "నా మొఖమే కనవడ్డది."

కౌసల్య ఆ పూట జడను రోజుకంటే గట్టిగా అల్లింది.

ఆ రాత్రి ఉప్పలమ్మ సగం బువ్వ విస్తట్లోనే వదిలి లేచింది. కౌసల్యకు అది ముల్లులా గుచ్చుకున్నది. మొగుడి ముందు మూసిన నోటిని ఆమె సమర్థించుకోగలదు. కాని ఆ ఇత్తడిని ముసలామె ప్రాణంలా చూసుకున్నది, దాని కోసమే కోడలిని ఇన్నేళ్లు సాధించింది. అంతటి మనిషిని దుఃఖపెట్టి తన బిడ్డ చదువు కొనుక్కోవడం న్యాయమా? తెల్లవారేసరికి ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. అత్త ఒక్కదానికే చెప్పాలి. ఆమె కాళ్లు పట్టుకొని, ఈ ఏడాది మట్టుకు దాచమని అడగాలి. ఆమె ఒప్పుకోకపోతే గంగాళంలోకి మళ్లీ తానే దూరాలి, పిల్లను దూరనియ్యకూడదు.

యాదలక్ష్మి పలక పట్టుకొని నల్లగొండ తోవ పట్టింది. కౌసల్య నీళ్లకుండ ఎత్తుకొని గోతులు తప్పించుకుంటూ పెరట్లోకి పోయేసరికి, పాదు మొదలు అప్పటికే తడిసి ఉంది. పక్కన ఖాళీ ముంత పట్టుకొని ఉప్పలమ్మ నిలబడి ఉన్నది. పొద్దుటెండలో ఆమె చేతులను కౌసల్య మొదటిసారి సరిగా చూసింది. వేళ్ల సందుల్లో పాత పగుళ్లు మానినచోట, తోలు తెల్లగా, నున్నగా, లోతైన చారలు కట్టి ఉంది.

"అత్తా, నీకొక ముచ్చట చెప్పాలె" అన్నది కౌసల్య.

"ఏం చెప్పకు. నోట్ల నువ్వుగింజ ఉన్నప్పుడు మాట్లాడద్దు" అన్నది ఉప్పలమ్మ.

పాత చీర అంచు చింపి, వంగి, ఆకుల కింద అన్నిటికంటే పెద్దకాయ తొడిమెకు ముడి వేసింది.

"ఈ కాయ కొయ్యకు బిడ్డా, ఇత్తనానికి ఉంచు. వచ్చే యేడు గూడ గీడ్నే పెట్టాలె."