ఆగని పృచ్ఛకుడు

తెనాలి నుంచి రేపల్లెకు కారులో గంట ప్రయాణం. ఆ గంటలో కృష్ణతేజ ఎన్ని పనులు చక్కబెట్టాడో చెబితే మీరు ముందు మెచ్చుకుంటారు. వేమూరు దాటేలోగా ఇద్దరు డీలర్లతో మాట్లాడాడు. భట్టిప్రోలు దగ్గర లారీని దాటుతూనే వాట్సాప్‌లో వచ్చిన వరినారు ఫొటో చూసి జవాబు కొట్టాడు. వెనక సీట్లో తల్లికి చలిగా ఉందంటే ఏసీ తగ్గించాడు. విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజరు ఉద్యోగం మరి. బొటనవేలు ఫోను మీద, మిగతా వేళ్లు స్టీరింగు మీద.

పక్క సీట్లో కూర్చున్నది అతని తండ్రి వెంకటరాఘవయ్య గారు. తెలుగు పండితులుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లుగా అష్టావధానాలు చేస్తున్నారు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎదురుగా కూర్చుని తలా ఒక చిక్కు వేస్తుంటే, అన్నిటినీ విప్పుతూ పద్యాలు అల్లి, చివర్లో ఒక్క అక్షరం పోకుండా మొత్తం అప్పజెప్పే విద్య అది. ఆ రోజు రేపల్లెలో ఆయన అవధానం ఉంది.

"ఒరే తేజా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టరా" అన్నారాయన.

"మీరేమో ఎనిమిది మందికి ఒకేసారి సమాధానం చెప్తారు నాన్నగారూ. మీ కొడుకుని, నేను ఇద్దరికి చెప్పలేనా ఏంటి?"

ఎంతటి ప్రశ్నకైనా పద్యంలో బదులిచ్చే మనిషి ఆ మాటకు ముసిముసిగా నవ్వి ఊరుకున్నారు. పులి కడుపున చలిచీమలు పుడతాయా అనుకున్నారు లోపల. "రోడ్డు చూడరా నాయనా" అని మీనాక్షమ్మ వెనక నుంచి అంటూనే ఉంది. ఆవిడ మాట ఎవరు విన్నారు గనుక!

అవధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. అవధాని ఏకాగ్రతను చెడగొట్టేందుకు మధ్యమధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేయడమే ఆయన పని. రేపల్లె సభలో ఆయన అడిగాడు: "అవధాని గారూ, మీ తర్వాత ఈ విద్య మీ ఇంట్లో ఎవరికండీ?"

"మా అబ్బాయికేనండి! నేను కూర్చుని చేస్తాను, వాడు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో చేస్తాడు."

సభ గొల్లుమంది. ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తున్న కృష్ణతేజ తల వంచుకుని సిగ్గుగా నవ్వాడు. వారం రోజులపాటు ఆ వీడియో చుట్టాలందరి ఫోన్లలో తిరిగింది.

ఆ సభను తప్పు పట్టే ముందు మన ఇళ్లు చూసుకుందాం. ఒక చెవికి ఫోను ఆనించి, తల వంచి బండి నడిపేవాణ్ణి "వీడు మొనగాడు" అనుకోని ఇల్లు మనలో ఎన్ని? తిట్టాల్సిన చోట నవ్వుతాం. ఆ నవ్వే పిల్లలకు లైసెన్సు అవుతుంది.

నెల తర్వాత ఓ ఉదయం తండ్రీ కొడుకులు బాపట్ల బయల్దేరారు. పొన్నూరు దాటాక ఫోను మోగింది. కృష్ణతేజ ఎత్తలేదు. "డ్రైవింగ్‌లో ఉన్నా" అని టైపు చేయసాగాడు. జాగ్రత్తపరుడే, చూశారా! ఎదురుగా ఎడమ పక్కన సైకిలు మీద వెళుతున్న మనిషి రాఘవయ్య గారికి కనబడ్డాడు. వాడూ చూసే ఉంటాడులే అనుకున్నారు. "ఒరే" అనబోయారు. వేదిక మీద తానే మెచ్చుకున్న పనిని ఏ మొహంతో మానమంటారు? గొంతు దాకా వచ్చిన మాట ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం చాలింది.

సైకిలు మనిషి పేరు ఆశీర్వాదం. కాకుమాను తాపీమేస్త్రి, పనికి వెళుతున్నాడు. ప్రాణం దక్కింది. విరిగిన కాలు అతుక్కుంది. తలకు తగిలిన దెబ్బకు మాత్రం డాక్టర్లు చేయగలిగింది చేసి, చేతులెత్తేశారు.

కేసు నడుస్తోంది. కృష్ణతేజ మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. అన్నం తింటుండగా ఫోను మోగినా ఉలిక్కిపడుతున్నాడు. రెండు నెలలకు రాఘవయ్య గారు ఒక్కరే బస్సెక్కి కాకుమాను వెళ్లారు. ఆశీర్వాదం భార్య మరియమ్మ ఆయన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. కుర్చీ వేసింది.

"తాడు కట్టకుండా గోడ తిన్నగా లేపేవాడండి. ఇప్పుడు ఇటిక చేతిలోకి తీసుకుంటాడు, ఎందుకు తీసుకున్నాడో మర్చిపోతాడు" అంది. పదేళ్ల కూతురు జ్యోత్స్న తలుపు పక్కన నిలబడి వింటోంది. మరియమ్మే మళ్లీ అంది: "పంతులుగారూ, మీరు ఎన్ని పద్యాలైనా గుర్తుపెట్టుకుని అప్పజెప్తారంటగదండి. ఆ కిటుకేదో ఈయనకి చెప్పండి బాబూ. అన్నీ వద్దండి, మా పిల్ల పేరొక్కటి గుర్తుంటే చాలు."

రాఘవయ్య గారు కుర్చీ దిగి, ఆశీర్వాదం కూర్చున్న మంచం ముందు కింద కూర్చున్నారు. "జ్యోత్స్న" అన్నారు. "జ్యోత్స్న" అన్నాడు ఆశీర్వాదం బుద్ధిగా. పదిసార్లు అనిపించారు. జ్యోత్స్న అంటే వెన్నెల అని చెప్పారు. పిల్లను దగ్గరకు పిలిచి తండ్రి చేయి పట్టించారు. కాసేపాగి, "అమ్మాయి పేరేంటయ్యా?" అని అడిగారు.

ఆశీర్వాదం పిల్ల వంక చూశాడు, ఆయన వంక చూశాడు. మర్యాదగా చేతులు జోడించి, "తమరెవరండి?" అన్నాడు.

పిల్ల చేయి విడిపించుకుని లోపలికి పరిగెత్తింది. ముప్పై ఏళ్ల విద్యలో ఆ ఇంటికి పనికొచ్చేది ఒక్క ముక్క కూడా లేదని రాఘవయ్య గారికి తెలిసిపోయింది. లేచి, మరియమ్మకు దణ్ణం పెట్టి బస్సుకు బయల్దేరారు.

ఇంకో నెలకు బాపట్ల సాహితీ సభవాళ్లు సన్మానానికి పిలిచారు. అవధానం చేయనని, రెండు మాటలు చెబుతానని వెళ్లారు. సభ మధ్యాహ్నం భోజనాల వేళకు ముగియాలి. చివర్లో మైకు ఆయనకిచ్చారు.

"అయ్యలారా, అమ్మలారా! అవధాని ఒకేసారి ఎనిమిది పనులు చేస్తాడని మీరు అనుకుంటారు. అనుకోనిచ్చాను. చప్పట్ల మీద ఆశ. నిజం చెబుతున్నాను, నేను ఎప్పుడూ ఒక్క పనే చేశాను. ఒకరికి పద్యపాదం చెబుతుంటే మిగతావాళ్లు నోరు మూసుకుని తమ వంతు కోసం ఆగుతారు. అలా ఆగినా తప్పులు పోతాయి. పద్యంలో పడి, మధ్యలో కొట్టే గంటల లెక్క ఎన్నిసార్లు తప్పానో! సభ నవ్వి క్షమించింది. అవధానం అంటే ధ్యాస అని అర్థం. దాన్ని రెండుగా చీల్చడం నాకూ రాదు, ఎవరికీ రాదు. రోడ్డు కూడా పృచ్ఛకుడే. కానీ తన వంతు వచ్చేదాకా ఆగదు, తప్పితే నవ్వదు. ఇది తెలిసి కూడా నా కొడుక్కి చెప్పలేదు. పైగా పొగిడాను. ఆశీర్వాదం అనే మనిషి కూతురి పేరు పోగొట్టుకున్నాడు. ఆ సమస్యకు నా దగ్గర పూరణ లేదు."

సభ లేచి నిలబడింది. కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఫోన్లు ఎత్తి వీడియో తీసినవాళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నారు.

భోజనాలూ కబుర్లూ అయ్యేసరికి నాలుగైంది. సభ కార్యదర్శి ప్రకాశరావు గారు ఆయన్ని తన కారులో తెనాలి దింపడానికి బయల్దేరారు. మంచి మనిషి, రైసుమిల్లు యజమాని. కారెక్కిన దగ్గర్నుంచీ "ఎంత బాగా చెప్పారండీ" అంటూనే ఉన్నారు. ఊరు దాటగానే స్టీరింగు పక్కన తగిలించిన ఫోను టింగుమంది.

"అప్పుడే గ్రూపులో పెట్టేశారండోయ్ మీ ఉపన్యాసం! నాలుగొందల మంది చూశారంట. వినండి, వినండి" అంటూ ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పి ఫోను మీద నొక్కారు. ఎదురుగా బడి వదిలిన పిల్లలు సైకిళ్ల మీద వస్తున్నారు. కారులో రాఘవయ్య గారి గొంతే మోగుతోంది: అయ్యలారా, అమ్మలారా!

ఈసారి మాట గొంతులో ఆగలేదు.

"ఆపండి ప్రకాశరావు గారూ! బండి ఆపండి! నా మాట వినాలనుంటే ఇక్కడ ఆపుకుని వినండి. బండి నడపాలనుంటే నా మాట కూడా వినకండి."