తెల్లదా, నల్లదా

"తలకు నూనె పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి శోభా? లెన్సుకి అంటుకుంటోంది."

శివకుమార్ ఈ మాట అనేటప్పటికి శోభారాణి అరచేతిలో కొబ్బరినూనె ఇంకా అలాగే ఉంది. రాత్రంతా ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి మోసే డంపర్ నడిపి వచ్చింది. తలలో నిండిన మట్టిదుమ్ము వదిలేదాకా రెండుసార్లు రుద్దుకుని స్నానం చేసింది. ఆ దుమ్ముకి జుట్టు కొబ్బరిపీచు అయి కూర్చుంటుంది, నూనె తగలకపోతే దువ్వెన దిగదు. పెళ్ళయిన ఆరేళ్ళలో పెళ్ళాం జుట్టు ఎలా ఉందో ఒక్కనాడు చూడని మనిషికి లెన్సు మీద వేలెడు జిడ్డు మాత్రం భలే కనిపించింది.

ఇంట్లో రెండు హెడ్‌సెట్లు ఉన్నాయి. వాటికేవో నోరు తిరగని పేర్లున్నాయి గానీ శోభారాణికి ఒకటి తెల్లది, ఒకటి నల్లది, అంతే. కళ్ళకు బిగించుకుంటే ఇంట్లో కుర్చీలో ఉన్న మనిషి విమానం నడిపే సీట్లో ఉన్నట్టే ఉంటుంది. తల ఎటు తిప్పితే అటు ఆకాశం, కిందికి చూస్తే భూమి. ముందున్న బల్లకి విమానం స్టీరింగ్ లాంటిది ఒకటి బిగించాడు శివకుమార్. ముందుకు తోస్తే విమానం దిగుతుంది, గుండెల వైపు లాక్కుంటే లేస్తుంది.

ఆయనది మధిర. ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాడు. అక్కడ తన తెలివికి విలువ లేదని మానేసి, ఇంట్లో కూర్చుని విమానాలు నడపడమెలాగో తెలుగులో చెప్పే ఛానల్ పెట్టాడు. ఇల్లు గడిచేది శోభారాణి జీతంతో. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎత్తితే శివకుమార్ మనసు నొచ్చుకుంటుందట. ఇప్పుడు పెద్ద వీడియో ఒకటి తలపెట్టాడు. ఇంట్లో ఎగిరేవాళ్ళకి తెల్లది మంచిదా, నల్లది మంచిదా. తెల్లదానికి వైరు లేదు, తలకు తేలిక, కానీ ఎత్తు చూపించే చిన్న అంకెలు అలికినట్టుంటాయి. నల్లదాంట్లో ప్రతి అంకె స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అది బరువు, వైరు మెడకు చుట్టుకుంటుంది, అరగంట గడిచేసరికి నుదురు కాలిపోతుంది.

ఈ తేడాలన్నీ వీడియోలో "నా అనుభవంలో" అంటూ చెప్పేది శివకుమార్. అనుభవించేది మాత్రం శోభారాణి. ఆయన పావుగంట దాటి కూర్చోలేడు, కడుపులో తిప్పుతుంది. మొదటిరోజు మేఘాల మధ్యనే కక్కుకున్నాడు, అంటే కంపెనీ క్వార్టరు గచ్చు మీద. తుడిచింది ఎవరో చెప్పనక్కర్లేదు. "పాపం, పిల్లోడు అంతెత్తుకు పోయొచ్చాడు, కాస్త నిమ్మకాయ నీళ్ళు కలిపియ్యమ్మా" అంది అత్తగారు గురవమ్మ, గచ్చు తుడుస్తున్న కోడలితోనే. రోజూ గుంతల రోడ్డు మీద ఊగే ఒళ్ళు కాబట్టి శోభారాణికి ఏమీ తిప్పదు. అలా ఆమె టెస్ట్ యూజర్ అయింది. వీడియోలో పేరు కూడా ఉండదు. "మా టెస్ట్ యూజర్ ఏమన్నారంటే" అంటాడు.

నిజం చెప్పాలంటే మొదటిసారి ఆమెకు ఎంతో ఇష్టమయింది. శివకుమార్ విమానాన్ని తమ ప్రాంతం మీదికే తెచ్చి ఇచ్చాడు. కింద గోదావరి, భద్రాచలం బ్రిడ్జి, ములకలపల్లి వైపు ఎటు చూసినా అడవి. ఆ అడవి మధ్య బూడిదరంగు మట్టిగుట్ట ఒకటి కనిపించింది. తమ ఓపెన్‌కాస్టు మట్టిగుట్టే. అందులో తను మోసి పోసిన మట్టి ఎంతో ఉంది. "ఏమండీ, ఆ గుట్ట మేం పోసిందే" అంది. "అక్కడ బొమ్మ సరిగ్గా రాలేదులే, ముందుకు పోనియ్" అన్నాడు ఆయన. ఆ రోజుతో సరదా తీరింది, డ్యూటీ మొదలైంది.

అసలు మంట అది కాదు. మంటంతా ఆ గది గురించి.

క్వార్టరులో ఉన్నవి రెండే గదులు. నాన్న ముత్యాలు బొగ్గుబాయిలో ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం శోభారాణికి వచ్చింది, ఉద్యోగంతో పాటు ఈ క్వార్టరు. మొదట ఆఫీసులో చీపురు పట్టించారు. ఆడవాళ్ళకు డంపర్ ట్రైనింగ్ అనగానే ముందుగా పేరిచ్చింది ఆమె. స్టీరింగ్ చేతికొచ్చాక వెనక గదికి ఏసీ పెట్టించుకుంది. ఈ ఎండల్లో నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకోవాలంటే అదొక్కటే దారి. ఇప్పుడు ఆ గదిలో కంప్యూటరు ఉంటోంది. "గ్రాఫిక్స్ కార్డు వేడెక్కితే పాడైపోద్ది శోభా, దానికి చల్లగా ఉండాలి" అన్నాడు. మంచం విప్పి అటక మీద పెట్టారు. శోభారాణి పడక ముందుగదికి వచ్చింది. అక్కడ కూలర్ వేడిగాలినే తడిపి కొడుతుంది. తలవైపు అత్తగారి టీవీ సీరియళ్ళు, కాళ్ళవైపు వీధి తలుపు. గ్యాసువాడొస్తే ఆమే లేవాలి, కూరగాయలబ్బాయొస్తే ఆమే లేవాలి, పక్కింటివాళ్ళు కరివేపాకు అడిగితే ఆమే లేవాలి. పగలు పడుకునే ఆడదాన్ని లేపడానికి ఊరందరికీ హక్కుంటుంది. ఆమె పడుకుందని ఎవరూ అనుకోరు, ఊరికే ఉందనుకుంటారు.

"ఎండెక్కినా లేవదమ్మా మా కోడలు" అని గురవమ్మ గుమ్మంలో నిలబడి చెప్పేది ఆమె చెవిన పడుతూనే ఉంటుంది. "ఆ బండి కుదుపులకే కడుపు నిలవట్లేదు" అన్న మాటా పడుతుంది. నొచ్చుకున్నట్టు కనిపిస్తే ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది. "మావాడికి తాగుడు లేదు, తిరుగుడు లేదు, కళ్ళముందే ఉంటాడు. ఎంత అదృష్టం చేసుకుంటే దొరుకుతాడే అట్టాంటి మొగుడు!" మొగుడు కళ్ళముందే ఉంటాడు, నిజమే. ఆయన కళ్ళముందు ఏముంటుందో ఎవరూ అడగరు.

ఆ రోజు, నూనె గొడవ జరిగిన రోజు, ఇంకా పడుకోకుండానే శోభారాణిని గదిలోకి పిలిచాడు.

"రెండూ గంటేసి చొప్పున పెట్టుకోవాలి. ఏది ఎక్కడ నొక్కుతోందో చెప్పాలి. ఫోమ్, పట్టీ, బరువు, అన్నీ. కంఫర్ట్ టెస్ట్ అన్నమాట."

"రాత్రికి మళ్ళ డ్యూటీ ఉన్నది. జర పండుకోనియ్యండి నన్ను."

"కూర్చునే పనే కదా శోభా. కష్టమేముంది ఇందులో?"

పద్నాలుగు చక్రాల లారీని పక్కన నిలబెడితే బొమ్మలా కనిపించే బండిని రాత్రంతా నడిపేదీ కూర్చునే పనే మరి. నూనె తలకు టవలు చుట్టుకుని కూర్చుంది. తెల్లది చెంప ఎముకల మీద నొక్కిందని చెప్పింది. నల్లది నుదుటి మీద ముద్ర వేసిందని చెప్పింది. "ముద్ర ఎంత లోతు, ఇటు తిరుగు" అని ఫోన్‌తో ఆ నుదుటికి దగ్గరగా ఫొటో తీసుకున్నాడు. కింద వాచిన కళ్ళు ఫొటోలోకి రాకుండా జాగ్రత్తగా తీశాడు. ఆ తర్వాత కూడా ఆమె గోదావరి మీద ఎగిరింది, దిగింది, మళ్ళీ లాక్కుని లేచింది. ఎన్నిసార్లో ఆమెకే తెలియదు. బయటికొచ్చి చాప మీద వాలేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు అవతల రికార్డింగు మొదలయింది. మగత కమ్ముతుంటే ఆయన గొంతు వినిపించింది. "ఫ్రెండ్స్, హెడ్‌సెట్ పెట్టుకునే ముందు నిద్ర సరిపోయిందో లేదో చూసుకోండి. నిద్ర లేకపోతే మెదడు మోసపోతుంది. ఇది చాలా ఇంపార్టెంట్."

ఆమెకు నవ్వు రాలేదు. కోపం రావడానికి కూడా ఓపిక లేదు. అప్పుడే గ్యాసువాడు తలుపు కొట్టాడు.

మర్నాడు తెల్లవారుతోంది. షిఫ్టులో చివరి ట్రిప్పు. మట్టి పోసేసి ఖాళీ డంపర్‌తో శోభారాణి గనిలోకి దిగుతోంది. రోడ్డు కుడికి తిరిగే చోట ఎదురుగా తూర్పు తెల్లబడి కనిపించింది. రోడ్డు ఆ వెలుతురులో అయిపోయి, దాని అవతల అంతా ఖాళీ. ఇది తెలిసిన చోటే. అయినా చేతులు స్టీరింగ్‌ని తిప్పలేదు. రెండు చేతులా పట్టుకుని గుండెల వైపు లాక్కుంది. కాలు బ్రేకు మీదికి పోలేదు. లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని ఎదురుచూసింది.

వెనక డంపర్ హారన్ ఆగకుండా మోగింది. అప్పటికి ముందుచక్రం అంచున పోసిన మట్టికట్ట ఎక్కేసింది. బ్రేకు తొక్కింది. బండి ఆగింది. కట్ట మట్టి అవతల లోతులోకి జారుతున్న చప్పుడు క్యాబిన్‌లోకి వినిపించింది.

వెనక బండి నడిపే బిచ్యా పరుగెత్తుకుంటూ వచ్చాడు. తండా మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు, ట్రైనింగులో ఆమెకు స్టీరింగ్ నేర్పిందీ ఆయనే. ఆమెను నిచ్చెన మెట్ల మీంచి చెయ్యి పట్టి దింపాడు. చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా? బ్రేకు పట్టలేదా?"

"బ్రేకు మంచిగనే ఉన్నది కాకా. నేనే స్టీరింగ్ గుంజిన. లేస్తదనుకున్న."

బిచ్యా నవ్వలేదు. ఆమె మొహంలోకి, వాచిన కళ్ళలోకి చూశాడు.

"డంపర్ లేస్తదా బిడ్డా" అన్నాడు మెల్లగా. తర్వాత, "మీ ఇంట్ల నీకొక మంచం లేదా?" అని అడిగాడు.

ఆ మాటకు ఏడ్చింది. చావు అంచు మీద ఆగినప్పుడు రాని ఏడుపు మంచం అనగానే వచ్చింది. షిఫ్టు ఇన్‌చార్జి జీపు దిగుతూనే అందుకున్నాడు. "గిందుకే ఆడోళ్ళకు స్టీరింగ్ ఇయ్యొద్దన్నది నేను! ఇంకొక్కసారి గిట్ల చేస్తే మళ్ళ ఆఫీసుల చీపురే పట్టుకోవాలె, చెప్తున్న." మగ డ్రైవరొకడు నిద్రపోయి కట్ట ఎక్కించిన రోజున ఇదే మనిషి "పాపం, అలిసిపోయిండు" అన్నాడు. ఆ రోజు ఆమె అక్కడే ఉంది.

ఇంటికొచ్చింది. స్నానం చేసింది, తలకు నూనె పెట్టుకుంది, పట్టించి పెట్టుకుంది. టిఫిన్ ఇంకా కాలేదేమని గురవమ్మ అడుగుతుంటే వినకుండా వెనక గదిలోకి వెళ్ళింది. శివకుమార్ నల్లదాని లెన్సు తుడుస్తున్నాడు. జరిగింది చెప్పింది. ఏదీ దాచలేదు. కట్ట చెప్పింది, అవతలి లోతు చెప్పింది, లేస్తుందనుకున్న సంగతీ చెప్పింది. చెబుతుంటే ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. భయపడ్డాడనుకుంది. ఇప్పుడైనా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేస్తాడనుకుంది. ఆరేళ్ళ తర్వాత కూడా అలా అనుకున్నందుకు తర్వాత ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏది పెట్టుకున్నాక అలా అనిపించింది?" అన్నాడు.

"ఏంది?"

"చివర్లో పెట్టుకుంది నల్లదే కదా? అంటే నిజంగా ఎగిరినట్టే ఉందన్నమాట, మెదడు కూడా నమ్మేసిందన్నమాట! తెల్లదానికి అంత సీన్ లేదు. ఇదే శోభా మన వీడియోకి పాయింటు. పదకొండింటికి లైవ్ పెట్టా, నువ్వు ఊరికే వెనక కూర్చుని ఇదే మాట చెప్పు. మొహం చూపించనులే."

శోభారాణి ఆయన్ని చూసింది. కొట్టాలనిపించింది. ఆ నల్లదాన్ని గచ్చుకేసి కొట్టాలని కూడా అనిపించింది. కొడితే ఇంకోటి వస్తుంది, దాన్ని పోల్చడానికి మళ్ళీ ఆమె తలే కావాలి. అందుకని కొట్టలేదు. కంప్యూటరు వైర్లు ఒక్కొక్కటే గోడలోంచి పీకింది. "ఏం చేస్తున్నావ్, సేవ్ చెయ్యలేదు" అని అరుస్తున్నా ఆగలేదు. మానిటరు, స్టీరింగ్, కుర్చీ, తెల్లది, నల్లది, అన్నీ మోసుకెళ్ళి ముందుగదిలో, తన చాప మీద పెట్టింది. ఒక్కటీ పగలలేదు, చాలా జాగ్రత్తగా పెట్టింది. అటక మీంచి మంచం చెక్కలు దింపి బిగించుకుంది. గురవమ్మ నోరు తెరిచి చూస్తోంది. అసలు కోడలికి పిచ్చిగానీ పట్టిందా అని కొడుకుని అడిగింది.

"పిచ్చి గాదు అత్తమ్మా, నిద్ర" అంది శోభారాణి. మొగుడివైపు తిరిగింది. "ఈ గది నాది. క్వార్టరు నా పేరు మీద ఉన్నది. నేను పండుకున్నప్పుడు నన్నెవ్వరు లేపొద్దు. గ్యాసు బండకు నువ్వు లే, టిఫిన్‌కు నువ్వు లే. గట్ల కుదరదంటే మధిర బస్సు రోజూ ఉంటది."

"మరి దానికి వేడి..."

"నాకూ అయితది."

గడియ పెట్టుకుంది. ఏసీ వేసింది. అవతల కాసేపు గొణుగుళ్ళు, గిన్నెల చప్పుళ్ళు. కుర్చీ జరిగిన చప్పుడు. ముందుగదిలోనే లైవ్ మొదలయింది, కూలర్ హోరులో ఆయన గొంతు తడబడుతోంది. ఏదో చెబుతూ ఆగాడు, మళ్ళీ మొదలెట్టి ఆగాడు. చివరికి తలుపు దగ్గరికొచ్చి వేలితో మెల్లగా తట్టాడు.

"శోభా, అందరూ అదే అడుగుతున్నారు. తెల్లదా, నల్లదా, రెండిట్లో ఏది మంచిది? ఏం చెప్పమంటావ్?"

"నిద్ర మంచిదని చెప్పు" అంది, కళ్ళు తెరవకుండా.

జడ విప్పుకుని, నూనె తలను తెల్లటి దిండు మీద పెట్టుకుని పడుకుంది.