చట్నీ బకెట్టు

ఆ శనివారం పొద్దున రాహేలమ్మ ఇంట్లోవాళ్లకు సంగటి కెలికి, పప్పు ఎనిపి, గిన్నెల మీద మూతలు పెట్టి, అప్పుడు ఒంటిమీద నీళ్లు పోసుకుంది. ఈస్టరుకు కొన్న నీలం చీర కట్టుకుంటుంటే గడపలో కూర్చున్న మొగుడు ఏసేపు, యాడికి పోతాండావని అడిగాడు. బడికి బహుమానమొచ్చింది గదా, సార్లంతా ఎమ్మిగనూరు హోటలుకు పోతాండారు, నన్నూ రమ్మన్నారని చెప్పింది.

"ఆ సర్టిఫికెట్టు మీద నీ పేరుండాదా?"

"ల్యా. సారు పేరుండాది."

"ఇంగ నీకేం పని ఆడ?" అన్నాడు. అందులో వెక్కిరింపేమీ లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. మధ్యాహ్నానికి వచ్చేయాలనీ, ఎనుముకు నీళ్లు పెట్టేవాళ్లు లేరనీ గుర్తు చేశాడు.

పదకొండేళ్లుగా ఆమె ఊరి బళ్లో మధ్యాహ్నం అన్నం వండుతోంది. నూట పన్నెండు మంది పిల్లలు. పోయిన నెలలో పై అధికారులు చెప్పాపెట్టకుండా వచ్చి, పిల్లల పక్కన కూర్చుని తిని, మండలంలో ఇంత బాగా పెట్టే బడి ఇంకోటి లేదని రాసుకుని పోయారు. తర్వాత సభ పెట్టి హెడ్మాస్టరు దేవేంద్రప్పకు శాలువా కప్పారు. రాహేలమ్మ అప్పుడు బడి వెనక కొళాయి దగ్గర, వచ్చినవాళ్ల ప్లేట్లు కడుగుతోంది. చప్పట్లు వినబడ్డాయి. తనూ కొట్టేదే, చేతులు తడిగా ఉన్నాయి.

హోటలుకు నువ్వూ రావాలమ్మా, నీ చేతి వంటే గదా అని దేవేంద్రప్ప అన్నప్పటి నుంచి మూడు రోజులు ఆమెకు అదే ధ్యాస. హోటలు మొహం ఎరగనిది కాదు. మామకు ఆపరేషనయినప్పుడు ఆస్పత్రి ఎదుట హోటలు ముందు నిలబడి ఎన్నో పొట్లాలు కట్టించుకుపోయింది. లోపలికి పోయి బల్ల ముందు కూర్చుంటే, ఎవరో వేడివేడిగా తెచ్చి పెడితే ఎట్లుంటుందో మాత్రం తెలీదు. కారం దోశ చెబుదామా, బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెబుదామా? రెండూ చెబితే ఏమనుకుంటారు? దోశలు ఇంట్లోనూ పోస్తూనే ఉంటుంది. అందరివీ అయ్యి తన వంతు వచ్చేసరికి గిన్నెలో కారం ఊడ్చుకుపోయి ఉంటుంది, చివరి దోశ నిలబడే తినేస్తుంది. పెనం మీంచి నేరుగా తన ప్లేట్లోకి వచ్చిన దోశ ఒకటైనా ఉందేమోనని వెతుక్కుంది. గుర్తు రాలేదు, అంతే.

బాడుగ జీపు దిగి లోపలికి పోతే హోటలు కిటకిటలాడుతోంది. పెనం దగ్గర ఒకాయన, వడ్డించడానికి ఒకే ఒక్క మనిషి. సార్లూ మేడమూ ఆరుగురూ పొడుగు బల్ల చుట్టూ సర్దుకున్నారు. రాహేలమ్మ నిలబడి ఉంటే నాగజ్యోతి మేడం జరిగి, ఈడ కూసో అని చోటిచ్చింది. మేడం వాళ్ల చేన్లో రాహేలమ్మ తల్లి ఏళ్ల తరబడి కలుపు తీసింది. చీరకు చీర తగిలేంత దగ్గరగా కూర్చోవడం ఇద్దరికీ కొత్తే. రాహేలమ్మ బెంచీ అంచున కూర్చుని, దోశా ఉగ్గానీ రెండూ చెప్పింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ముందు దోశ వచ్చింది. ఎర్రగా కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచులు కరకరలాడుతూ. ఆమె ఒక ముక్క తుంచింది. అప్పుడు దేవేంద్రప్ప చట్నీ కోసం అటూ ఇటూ చూశాడు. వడ్డించే మనిషి దూరంగా ఉన్నాడు. సారు చూపు తిరిగి తిరిగి రాహేలమ్మ దగ్గర ఆగింది.

"రాహేలమ్మా, ఆ చట్నీ బకెట్టు కొంచెం ఇట్ల తీస్కరా."

ఆయన మాట పూర్తికాకముందే ఆమె లేచి నిలబడింది. తుంచిన ముక్క ప్లేట్లో వదిలేసింది. సారుకు వేసింది, పక్కనున్న కుర్ర భూపేష్ సారుకు వేసింది, బల్లంతా వేసింది. మేడం చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టింది. వెనక బల్ల మీంచి ఎవరో ముక్కూ మొహం తెలియనాయన ప్లేటు చాపి, ఇట్ల వెయ్యమ్మా అన్నాడు. వేసింది. ఇంకొకాయన చాపాడు. అతనికీ వేసింది. మూడో మనిషి నీళ్లడిగాడు. ఆ నీళ్ల జగ్గు మీద చెయ్యి పడ్డాక గానీ ఆమెకు తెలిసిరాలేదు, తాను ఈ హోటల్లో పనిమనిషిని కాదని. ఎవరూ బలవంతం చేయలేదు. చేతులే వాటంతటవి పోయాయి.

బకెట్టు పట్టుకుని వెనక్కి వస్తే ప్లేటు ఖాళీగా ఉంది.

"చల్లారిపోతాందని నేను తినేసినా," అన్నాడు భూపేష్, మూతి తుడుచుకుంటూ. మంచి పిల్లోడే. నీకు ఇంకోటి చెప్తాంలే అని కూడా అన్నాడు. దేవేంద్రప్ప గడియారం చూసి, జీపువాడు తొందర పెడుతున్నాడు, పొట్లం కట్టించుకో, ఇంటికి పోయి తిందువు అన్నాడు.

ఆమె బకెట్టును ఆయన ముందు బల్ల మీద పెట్టింది. మూలన ఖాళీ అయిన బల్ల దగ్గరికి పోయి బెంచీ నడుమ కూర్చుంది. వడ్డించే మనిషిని పిలిచింది.

"అప్పా, నాకొక కారం దోశ, ఒక ఉగ్గాని. ప్లేట్లో పెట్టు. పొట్లం వద్దు."

సార్లు లేచి చేతులు కడుక్కున్నారు. దేవేంద్రప్ప ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అందరూ నీకోసం కాసుకోని ఉండాల్నా అన్నాడు. మీరు పోండి సార్, నేను బస్సుకు వస్తా అంది. కొంగున ముడేసుకున్న డబ్బు బస్సుకూ తిండికీ చాలినంత ఉంది.

"ఏందమ్మా, కోపమొచ్చిందా?"

రాహేలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. కోపం ఉంది. దానికంటే ముందు ఇంకోటి ఉంది.

"ల్యా సార్. ఆకలైతాంది."

ఆయన వెనక్కి తిరిగి జీపు దగ్గరికి నడిచాడు. నాగజ్యోతి మేడం గుమ్మం దాకా పోయి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, జీపెక్కింది.

దోశ వచ్చింది. వేలికి చుర్రుమంది. తినేవాళ్లందరినీ ఆకలైతాందా అని అడగడమే ఆమె బతుకంతా చేసిన పని. ఆ మాట తన గురించి తాను పైకి అనడం ఇదే మొదలని తింటూ ఉండగా తెలిసింది. కారంలో తెల్లగడ్డ కొంచెం ఎక్కువైందనుకుంది. అయినా బాగుంది. ఎక్కడా తొందరపడకుండా చివరి అంచు దాకా తిని, వేళ్లు నాకి, ఇంకో దోశ పొయ్యమని చెప్పింది.