స్వాగతం చెప్పాల్సిన మనిషి

"నువ్వే చెప్పెయ్యి నోలీన్, రెండు నిమిషాల పని," అంది మేనేజరు ఫియోనా, తాగిన కప్పును సింకులో పెడుతూ.

నోలీన్ అప్పటికే మిగతావాళ్ళ కప్పులు కడుగుతోంది. ఆ నీటి సంస్థలో కప్పులు కడగడం ఎవరి ఉద్యోగమూ కాదు కనుక, అది నోలీన్ ఉద్యోగమైంది. జీతం మాత్రం బిల్లుల మీద ఫిర్యాదులు వినడానికి ఇస్తారు.

రెండు నిమిషాల పనేమిటంటే, శుక్రవారం నది ఒడ్డున కొత్త పంపుహౌసు ప్రారంభం. మంత్రిగారు వస్తున్నారు. ఆయన రిబ్బను కత్తిరించే ముందు, ఆస్ట్రేలియాలో ఆనవాయితీ ప్రకారం, ఆ నేల మూలవాసుల్లో ఒకరు లేచి, వచ్చినవాళ్ళకి స్వాగతం చెప్పాలి.

"ఇది మా నేల కాదు ఫియోనా. మాది సముద్రపు ఒడ్డు. నేనిక్కడికి కోడలిగా వచ్చాను. స్వాగతం చెప్పాల్సింది ఈ నది వాళ్ళు, అంటే మా అత్తగారు. అదేం వద్దు, ఈ నేల ఫలానా వాళ్ళదని ఒప్పుకుంటే చాలనుకుంటే, ఆ మాట ఎవరైనా అనొచ్చు. మీరే అనండి."

"మేం చెబితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. నువ్వూ మూలవాసివేగా, నీకు గుండెలోంచి వస్తుంది." ఫియోనా గొంతు తగ్గించింది. "మీ అత్తగారు ఎల్వా ఆంటీ అంటే మాకందరికీ గౌరవమే అనుకో. కానీ పోయినసారి ఆవిడ కొంచెం... ఎక్కువసేపు మాట్లాడారు కదా."

పోయినసారి ఎల్వా మాట్లాడింది ఎక్కువసేపేం కాదు. నది మలుపులో తన తల్లి గుడిసె ఎక్కడుండేదో, దాన్ని ఎవరు కూలదోయించి కంచె వేశారో పేర్లతో సహా చెప్పింది, అంతే. ఆ పేర్లుగల వాళ్ళ మనవలు ముందు వరసలో కూర్చుని ఉండటం ఆవిడ తప్పు కాదు.

గుండె అన్న మాట ఫియోనాకి ఈమధ్యే అబ్బింది. సభల్లో ఈ నేల ఎవరిదో తలుచుకునే మాటలు మొక్కుబడిగా కాకుండా అర్థవంతంగా రాసుకోవడం నేర్పమని సిడ్నీ నుంచి ఒకామెను పిలిపించారు. ఆమె మంచిదే. "ఇక్కడి పెద్దల్ని అడిగారా?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న. గదిలో తలలన్నీ పొద్దుతిరుగుడు పూలలా నోలీన్ వైపు తిరిగాయి. ఆ రోజు నుంచి ఆ సంస్థలో మూలవాసులతో సయోధ్య కమిటీ అంటే నోలీనే. అధ్యక్షురాలు, కార్యదర్శి, సమావేశానికి కేకు చేసుకొచ్చే మనిషి, అన్నీ ఆమే.

నోలీన్ భర్త డెస్ అదే సంస్థలో పంపులు నడుపుతాడు, ఇంకా కాంట్రాక్టు మీదే. ఇంటికి రాగానే బూట్లు విప్పుతూ అన్నాడు. "చెప్పెయ్యరాదూ నోలీ? నన్ను పర్మనెంట్ చెయ్యాల్సింది ఆ ఫియోనాయే."

"మరి మీ అమ్మ?"

"అది మీ ఆడవాళ్ళ మధ్య సంగతి. నన్ను మధ్యలోకి లాగకండి."

మధ్యలో కుర్చీ వేసుకుని రెండువైపుల నుంచీ టీ అందుకునే మనిషిని ఎవరు లాగగలరు అనుకుంది నోలీన్.

వార్త ఎల్వాకి ముందే చేరింది. పొయ్యి దగ్గరికే వచ్చింది. "ఏమే పిల్లా, నా నది మీద నిలబడి స్వాగతం చెబుతావట?"

"చెప్పనన్నాను అత్తయ్యా."

"అన్నావులే. గట్టిగా అన్నావా?"

గట్టిగా అనడం నోలీన్‌కి ఎవరూ నేర్పలేదు. బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆలోచించింది. ఈ ఇంట్లో పిల్లలకి పేర్లు పెట్టినప్పుడూ, మామగారిని ఎక్కడ పూడ్చాలో మాట్లాడుకున్నప్పుడూ, "నువ్వీ నేలదానివి కాదు, నీకు తెలీదు" అన్నారు. అదే చావుకి వచ్చిన జనానికంతా వండి వార్చాల్సి వచ్చేసరికి "మన ఇల్లే కదే" అన్నారు. ఆఫీసూ అంతే. నదిలోంచి ఎన్ని నీళ్ళు తోడాలో తేల్చుకునేటప్పుడు ఆమె ఫిర్యాదుల బల్ల దాటి రాకూడదు. తోడిన నీళ్ళకి దీవెన కావలసి వచ్చేసరికి "మీ నేల" అయింది. కాదంటే డెస్ ఉద్యోగం. అవునంటే, పరాయివాళ్ళ తల్లిని చూపించి మా అమ్మ అని చెప్పుకోవడం. ఆ సంగతి తెలిస్తే సముద్రపు ఒడ్డున ఉన్న పిన్ని తల ఎత్తుకోలేదు. అన్నిటికన్నా ఒళ్ళుమండేది ఏమిటంటే, ఈసారి అత్తగారిదే న్యాయం. అత్తగారు అన్యాయంగా మాట్లాడితే కోడలికి కనీసం ఏడవడానికైనా వీలుంటుంది.

శుక్రవారం గాలికి షామియానా టపటప కొట్టుకుంటోంది. ఫియోనా ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టి, "నవ్వుతూ చెప్పు" అంది. వెనక వరసలో డెస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నోలీన్ మైకు ముందుకెళ్ళింది. కాగితాన్ని మడిచింది.

"నా పేరు నోలీన్. మాది సముద్రపు ఒడ్డు. ఇక్కడ నేనూ మీలాగే పరాయి నేల మీదున్నాను. నేను స్వాగతం చెబితే అది దొంగ స్వాగతం. చెప్పాల్సిన మనిషి ఎల్వా ఆంటీ. పోయినసారి నిజం చెప్పిందని ఈసారి ఆవిడని పిలవలేదు. పిలుచుకొస్తే అందరం కలిసి విందాం."

వచ్చి కూర్చుంది. నది గట్టు మీద తెల్ల కాకటూ చిలకలు అరుస్తున్నాయి. ఫియోనా మెడ ఎర్రబడింది. టీవీ కెమెరా తనవైపే తిరిగి ఉందని గమనించిన మంత్రిగారు, "కారు పంపండి, ఆగుదాం" అన్నారు.

ఎల్వా మంచి కోటు వేసుకుని వాకిట్లోనే కూర్చుని ఉందట. వచ్చింది. పోయినసారి వదిలేసిన పేర్లు కూడా చెప్పింది. ఆ తరవాతే అందరికీ స్వాగతం చెప్పింది. నోలీన్‌ని ఆ అందరిలోనే కలిపేసింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో డెస్ రోడ్డుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "నా పర్మనెంట్ నీళ్ళలో కలిసింది."

"ఊరుకోరా," అంది ఎల్వా ముందు సీట్లోంచి. "పిల్ల బాగానే చేసింది. ఏమే, సాయంత్రం మనవాళ్ళంతా వస్తారు. మటన్ చాప్స్ బయట పెట్టావా?"

నోలీన్ కిటికీలోంచి చూస్తోంది. 'మాది సముద్రపు ఒడ్డు' అన్నప్పుడు మైకులో వినిపించిన తన గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ఎవరిదో గొంతులా ఉంది. అమ్మ పోయాక తను అటు వెళ్ళనేలేదు.

"ఫ్రీజర్లో ఉన్నాయత్తయ్యా. దాని తలుపు డెస్‌కి కూడా తెరుచుకుంటుంది. నన్ను బస్సుల దగ్గర దింపెయ్యి డెస్."

కారు నెమ్మదించింది. "ఇప్పుడా? బట్టలు కూడా లేకుండా?" అన్నాడు డెస్.

"ఎక్కడికే?" అంది ఎల్వా, మొదటిసారి పూర్తిగా వెనక్కి తిరిగి.

"మా పిన్ని దగ్గరికి. చాలాకాలానికి సొంత నేలకి వచ్చినవాళ్ళ తలమీద సముద్రపు నీళ్ళు పోసి, ఫలానా పిల్ల వచ్చిందని నేలకి చెప్పాలి కదా అత్తయ్యా. నా గురించి అలా చెప్పగలిగే మనిషి ఇంక ఆవిడొక్కతే ఉంది."