నాన్న ఫియట్‌కు ఇందిరాదేవి గారి నేల

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. బంద్ రోజున మా గౌతమ్‌కు ఆయాసం ఎక్కి పెదవులు నల్లబడుతుంటే, వాణ్ని భుజాన వేసుకొని ఆటో లేని రోడ్డు మీద నేను నిలబడటం. ఊరికే పుట్టిన భయం కాదిది. జూలైలో తెలంగాణ బంద్‌ నాడు జరిగింది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దవాఖాన దాకా నడిచాను, పరుగెత్తాను, మళ్ళీ నడిచాను. వాడికి మూడేళ్ళు. బతికాడు. నాకు మాత్రం ఆ నడక ఇంకా అయిపోలేదు.

వారం తిరక్కముందే నాన్న ఫియట్ మీది టార్పాలిన్ లాగేశాను.

నాన్న రామచంద్రం గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ వెనక మెకానిక్. ఆయన చెయ్యి కాలినప్పుడు నన్ను ఎనిమిదో తరగతి మాన్పించి షెడ్డులో పానాలు అందించమన్నాడు. మళ్ళీ బడికి పోలేదు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇంజిన్ ఆయన చివరగా విప్పి బిగించిందే. నూనె మార్చి బ్యాటరీ పెడితే దగ్గి దగ్గి లేచింది. కానీ కారుకు నేల లేదు. మ్యాట్ ఎత్తితే షెడ్డు మట్టి కనిపించింది. షెడ్డులోకి నీళ్ళొచ్చిన నాలుగు వానాకాలాలు దాన్ని తినేశాయి.

"గా డబ్బాను తుక్కుకు ఎయ్యక ఏంది నీ పరేషాన్?" అన్నాడు మా ఆయన ధనరాజ్. ఆయన ఆర్టీసీ కండక్టర్.

"బంద్ నాడు నీ బస్సు ఒస్తదా?"

"బంద్ అంటేనే బస్సు రాకపోవుడు."

"అందుకే."

నాన్నతో పనిచేసిన వెల్డర్ అంతయ్యను పిలిచాను. ఆయన కారు కింద దూరి, బయటికొచ్చి, బీడీ ముట్టించాడు. "గిసొంటి ఫియటే ఇంకోటి దొరకాలె బిడ్డా. దాని నేల కోసి దీనికి ఎయ్యాలె. ఇంకో తొవ్వ లేదు."

అప్పుడు నాన్న దగ్గరికి రిపేరుకు వచ్చే మూసారాంబాగ్ ఇందిరాదేవి గారి కారు గుర్తొచ్చింది. ఆమెది గుంటూరు వైపు. భర్త పోయినప్పటి నుంచి వాళ్ళ ఫియట్ పోర్టికోలోనే ఉంది. ఇంజిన్ బిగుసుకుపోయింది గానీ, వాన తగలని ఒళ్ళు గట్టిగా ఉంది. గౌతమ్‌ను చంకనేసుకొని వెళ్ళాను.

"మీ వాళ్ళేగా మమ్మల్ని పొమ్మంటోంది?" అంది ఆమె, కాఫీ చేతికిస్తూ.

"నేనైతే మీ కారును రమ్మంటున్న."

ఆమె నవ్వింది. "ఎదురింటివాళ్ళు బెజవాడ వెళ్ళిపోయారు. పక్కవాళ్ళూ తాళం వేశారు. నేను కదలను సాయిప్రియా. ముప్పై రెండేళ్ళు ఇక్కడి పిల్లలకే లెక్కలు చెప్పాను. నేనేమన్నా చుట్టపుచూపుగా వచ్చానా?"

కారుకు ఏం ఇవ్వాలని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపింది. ఒక్క షరతు పెట్టింది. ఆమెకు షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. ఒకసారి వంటింట్లో పడి సాయంత్రం దాకా లేవలేదు. ఫోను పనిచెయ్యక నెలయింది.

"బంద్ అయిన ప్రతిసారీ సాయంత్రం మా గేటు ముందు హారన్ కొట్టు. నా కారు హారనే పెట్టుకో, గుర్తుపడతాను. కిటికీ తెరుస్తాను. తెరవలేదనుకో, గేటు దూకి లోపలికొచ్చెయ్."

ఆ కారు షెడ్డుకు చేరేసరికి ఆర్టీసీ సమ్మె మొదలైంది. ధనరాజ్ సమ్మె టెంటులో కూర్చుంటున్నాడు. "ఆంధ్ర కారు కోసి తెలంగాణ కారుకు అతుకుతున్నవట. గా ముచ్చట తెలిస్తే నన్ను టెంటుల కూసోనియ్యరు."

"కూసోకు. ఇంటికొచ్చి పిల్లగాన్ని పట్టుకో."

తప్పు నాదే. నాన్న కారులో నేల ఉండాల్సిన చోట కొలత తీసి, రెండో కారు నేలను అంతే కోయించాను. చక్కగా కూర్చుంది. అంతయ్య అది కదలకుండా అక్కడక్కడా వెల్డింగ్ టాకాలు వేశాడు. తీరా చూస్తే వెనక తలుపు పడదు. నాలుగేళ్ళుగా పడటం లేదు, తలుపు మడతబందులు తుప్పుపట్టాయనుకున్నాను. లోపం వాటిది కాదు. నేల పోయాక కారు నడుం కిందికి జారింది. జారిన ఒంటికి కొలత తీశాను. "ముందుగాల తలుపు పడాలె, అటెన్క నేల" అని నాన్న వందసార్లు అన్న మాట, వందసార్లు విని కూడా మరిచిపోయాను.

"తాడుతో కట్టుకో," అన్నాడు అంతయ్య. "నాలుగు కిలోమీటర్లకు ఏమైతది?"

"ఆ తలుపు పక్కన కూసునేది నా కొడుకు."

"మళ్ళ మొదటి నుంచి చేయాలె. నాతోని కాదు."

ఉలి, సుత్తె తీసుకొని టాకాలు నేనే కొట్టేశాను. రెండు జాకీల మీద అడ్డంగా కట్టె వేసి, కారు నడుం కిందికి తోశాను. పావు మలుపు తిప్పడం, లేచి తలుపు వేసి చూడటం. మళ్ళీ పావు మలుపు. మధ్యాహ్నం దాకా అదే పని. అంతయ్య ఇంటికి పోలేదు. గోడకు ఆనుకొని చూస్తున్నాడు. చివరికి తలుపు వేలితో తోస్తే పడింది. అప్పుడు నేల ముక్క ఒక వేలు ఎక్కువైంది. ఎక్కువైంది కాబట్టి బతికిపోయాం. తక్కువైతే తెచ్చేందుకు ఇంకో ఫియట్ లేదు. అంతయ్య వచ్చి వెల్డింగ్ అద్దం ముఖానికి పెట్టుకున్నాడు.

పదిరోజులకే బంద్. పొద్దున్నే గౌతమ్ డొక్కలు ఎగరడం మొదలైంది. వాణ్ని వెనక పడుకోబెట్టి బయల్దేరాను. కొత్తపేట దగ్గర టైర్లు కాలుతున్నాయి. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండి తిప్పు అక్కా. బంద్."

"పిల్లగానికి ఊపిరి ఆడుతలేదు."

"అందరు గిదే చెప్తరు."

దిగి వెనక తలుపు తెరిచాను. "చెవి పెట్టి ఇను."

వంగి గౌతమ్ ఛాతీకి చెవి ఆనించాడు. లేచేసరికి అతని ముఖం మారింది.

"ధనరాజ్ కండక్టర్ మీ టెంటులనే కూసున్నడు," అన్నాను. "ఆయన పెండ్లాం ఆగలేదని చెప్పు."

ఆగిన ఇంజిన్ మళ్ళీ లేవలేదు. ఆపినవాళ్ళే నెట్టి లేపారు.

ఆ రోజు డాక్టరు వాణ్ని దవాఖానలోనే ఉంచుకున్నాడు. వాడు నా వేలు వదలలేదు. సాయంత్రం మూసారాంబాగ్ వెళ్ళలేకపోయాను. మర్నాడు వాడికి నిమ్మళించాక, ధనరాజ్‌ను వాడి పక్కన కూర్చోబెట్టి, కారులో వెళ్ళి హారన్ కొట్టాను. రెండోది కొట్టకముందే కిటికీ తెరుచుకుంది.

"నిన్న రాలేదేం?" అంది ఆమె, కళ్ళు ఎర్రగా. "పిల్లాడికి ఏమయిందోనని ఇక్కడే కూర్చున్నాను. అన్నం కూడా తినలేదు."

షుగరు మనిషి. నా కోసం తినలేదు.

బంద్‌లు ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. గౌతమ్‌ను వదిలి రాలేని సాయంత్రాలు మళ్ళీ వస్తాయి. బంద్ నాడు మీరు మూసారాంబాగ్ వంతెన వైపు నడిచి వెళ్తుంటే, ఖాళీ పోర్టికో ఉన్న పచ్చ గేటు ఇల్లు ఒకటి కనిపిస్తుంది. మీ దగ్గర ఆ హారన్ ఉండదు, గొళ్ళెం గట్టిగా కొట్టండి. సాయిప్రియ పంపిందని చెప్పండి, తిన్నారా అని అడగండి. కిటికీ తెరుచుకునే దాకా అక్కడి నుంచి కదలకండి.