రెండు నిమిషాల మంద

వల్లూరు బీడు చుట్టూ సోలార్ పార్కు కంచె పడిన రోజున మల్లేశప్ప తన నూట ఇరవై గొర్రెలనూ అమ్మేశాడు. మేపడానికి చోటు లేకపోయింది. తర్వాత పావగడలోని పశువైద్య ల్యాబులో అటెండరుగా చేరి, ఏడేళ్లుగా కోళ్ల నెత్తురు తీస్తున్నాడు.

ఆ ఉదయం కూడా క్యాతగానచెర్లులో బోరమ్మ వాకిట్లో గొంతుకూర్చున్నాడు. ఎర్రపెట్టను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, రెక్క కింది ఈకలు తడిపి పక్కకు దువ్వాడు. గోళ్లు పగిలిన మొరటు వేళ్లు. వాటి కింద నీలి నరం తేలింది. సూది దిగినా పెట్ట కదల్లేదు. డాక్టరు పుష్పావతి పక్కన సీసా పట్టుకుని నిలబడింది.

బోరమ్మ కోడిపిల్లలు తెల్లగా పారుకుని చచ్చిపోతున్నాయి. సాల్మొనెల్లా అని పుష్పావతి అనుమానం. దాన్ని పట్టుకునే నెత్తురు పరీక్షలు మూడు: పలక మీదిది, గొట్టంలోది, యంత్రంలోది. ఏది ఎంత నిజం చెబుతుందో తాలూకాలోని కోళ్ల మీద ఆమె పోల్చి చూస్తోంది. నిన్న పలక మీద ఈ పెట్ట నెత్తురు విరిగి, రోగం ఉన్నట్టు చూపింది. రోగం ఖాయమైతే నలభై కోళ్లనూ చంపెయ్యాలి.

"నిన్న గుచ్చితిరి, ఈ పొద్దు మళ్లా గుచ్చుతాండారు. గొర్రెలు కాసినోనికి కోడి నెత్తురేం తెలుస్తాదప్పా?" అంది బోరమ్మ.

"కోడే నయం బోరక్కా. గుచ్చినా నోరు మూసుకోనుంటాది."

బోరమ్మ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "నలభై ఉండాయి మల్లేశన్నా. అన్నీ పోతాయా?"

"రేపు నేనే వచ్చి చెప్తా."

ల్యాబులో అతను తెల్ల పలకను అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచాడు. ఊదారంగు మందు ఒక చుక్క, నెత్తురు ఒక చుక్క వేసి, తీగతో కలిపి, పలకను అటూ ఇటూ మెల్లగా వంచసాగాడు. రెండు నిమిషాల్లోపు పాలు విరిగినట్టు రేణువులు కడితే రోగం. ఆ రెండు నిమిషాలు దాటితే చుక్క ఆరిపోయి మంచి నెత్తురు కూడా విరిగినట్టే కనిపిస్తుంది. నిన్న పలక పట్టింది పుష్పావతే. నడుమ ఫోను వచ్చింది. ఎంతసేపు మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు.

మల్లేశప్ప గడియారం వైపు చూడలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పలక ఆపాడు. నెత్తురు విరగలేదు. ఆమె ఫోనులో సరిగ్గా రెండు నిమిషాలు.

"ఏం లెక్కపెడతారు మల్లేశన్నా?"

"గొర్రెల్ని దొడ్లోకి తోల్తాండానమ్మా. నల్లకాళ్లది ముందర వస్తాది. కుంటిది ఆఖర్న. అది లోపలికొస్తే తడక ఏస్తా. అంతే."

పుష్పావతి అతని చేతిలోకి చూసింది. అరచేయంత పలక. ఏడేళ్లుగా, రోజుకు పదిసార్లు, ఆ గొర్రెల మంద మొత్తం ఒక్కొక్కటిగా దాని మీదుగా ఇంటికి చేరుతోంది. ఒక్కటీ తప్పిపోలేదు.

యంత్రంలో తేలిన పసుపు రంగు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఇక గొట్టమే తేల్చాలి. మందు నీళ్లలో నెత్తుటి తేట కలిపి రాత్రంతా వెచ్చటి పెట్టెలో ఉంచితే, పొద్దుటికి నీళ్లు తేటపడి అడుగున తెట్టు పేరుకుంటే రోగం. మబ్బుగానే ఉంటే లేనట్టు. పోలిక కోసం పలక పరీక్ష మూడుసార్లు చేయాలి. నిన్నటిది కొట్టేశారు. సాయంత్రంలోగా రెండయ్యాయి.

"మూడోది పొద్దున్నే ఏద్దామమ్మా," అని మల్లేశప్ప నెత్తురు సీసాను ఫ్రిజ్‌లో పెట్టాడు. పలక కడిగి, మడిచిన తువ్వాలు మీద బోర్లించి వెళ్లాడు.

మర్నాడు అతను రాలేదు. పది గంటలకు వల్లూరులోని అతని ఇంటి నుంచి ఫోను వచ్చింది. పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడు.

పుష్పావతి వెచ్చటి పెట్టె తెరిచింది. గొట్టాలన్నీ మబ్బుగా ఉన్నాయి. వల్లూరు వెళుతూ దారిలో బోరమ్మ వాకిట్లో ఆగింది.

"కోళ్లకేం లేదు బోరమ్మా."

బోరమ్మ ఆమె వెనక్కి చూసింది. "ఆయప్పే వచ్చి చెప్తాననె కదమ్మా. యాడ?"

చెప్పాల్సింది చెప్పి, వల్లూరులో అతని మీద పిడికెడు మట్టి వేసి, సాయంత్రం పుష్పావతి ల్యాబుకు తిరిగొచ్చింది. రెండు నిమిషాలకు ఫోను సిద్ధం చేసుకుని, మళ్లీ పక్కన పెట్టేసింది. నల్లకాళ్లదీ కుంటిదీ తప్ప నడుమనున్న నూట పద్దెనిమిదీ ఆమెకు తెలియవు.

ఎర్రపెట్ట మూడో పరీక్ష ఇంకా చేయలేదు. తెల్ల పలక, అతను బోర్లించిన చోటే, తువ్వాలు మీద ఉంది.