నీలం టేపు చుట్టిన బ్యాటరీలు

తాతయ్య తన వస్తువులన్నిటికీ నీలం టేపు చుట్టుకుంటాడు. కరెంటు తీగలకు చుట్టే టేపు అది. కళ్లజోడు డబ్బా, పెన్ను, గొడుగు పిడి, నీళ్లు తాగే గ్లాసు, అన్నిటి మీదా ఆ నీలం చుట్టు ఉంటుంది. ఆ చుట్టు ఉన్నదాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. మా ఊరి బడిలో చదువు అయిపోయి, పై చదువు కోసం వీళ్లింటికి వచ్చిన కొత్తలో నేను ఆ గ్లాసుతో నీళ్లు తాగాను. "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే?" అని అడిగి, నా ఎదుటే గ్లాసు మూడుసార్లు కడిగించాడు. కడిగింది నానమ్మ.

హాల్లో అద్దాల బీరువా ఉంది. అందులో పై అర మొత్తం ఒక పాత కాలిక్యులేటర్‌దే. లావుపాటి పుస్తకమంత ఉంటుంది. తాతయ్య గోడౌన్‌లో జీతాల లెక్కలు రాసే రోజుల్లో యజమాని మెచ్చుకుని ఇచ్చాడట. మీట నొక్కితే నల్లటి అద్దం వెనక ఆకుపచ్చ అంకెలు వెలిగేవట. ఇప్పుడు వెనక మూత సందుల్లోంచి చిలుము కారి, అంచుల వెంట గడ్డకట్టి ఉంది. పాడైపోయిన వస్తువు అద్దాల బీరువాలో ఎందుకుందో నాకు మొదట అర్థం కాలేదు. రెండు పూటలు వాళ్లతో కలిసి తిన్నాక అర్థమైంది. అది నానమ్మ కోసం పెట్టింది.

"కూరలో ఉప్పు ఎక్కువైంది," అంటాడు తాతయ్య. "ఎక్కువవదా మరి. ఆ చెయ్యి ఎలాంటిది. నేను ఆసుపత్రిలో పడుంటే, పాల లెక్క చూసుకోవడానికి నా మిషన్ తీసి, అందులో టార్చి బ్యాటరీలు కుక్కి, మరిచిపోయిన చెయ్యి కదా."

ఉప్పు తగ్గినా ఆ చెయ్యే. తలుపు గడియ పడకపోయినా ఆ చెయ్యే. చుట్టాలొస్తే వాళ్లని బీరువా దగ్గరికి తీసుకెళ్లి మరీ చూపిస్తాడు. నానమ్మ మొదట్లో "నేను ముట్టుకోలేదండీ" అనేదట. నేను వచ్చేసరికి ఆ మాట కూడా మానేసింది. తల వంచుకుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు తింటుంది. నాకు ఆ ఇంట్లో కావలసింది ఒక్కటే, ఎవరూ ఎవర్నీ ఏమీ అనకుండా ఒక్క పూట భోజనం.

ఒక ఆదివారం అత్తయ్య భోజనానికి వచ్చింది. తాతయ్య కూతురే. వీధి చివర ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతుంది. తాతయ్య చెయ్యి పురాణం మొదలుపెట్టగానే అత్తయ్య కంచం పక్కకి జరిపింది.

"ఎంతకాలం సాధిస్తావు నాన్నా అమ్మని? నాకిస్తే బాగుచేసేదాన్నిగా."

"చచ్చినదాన్ని ఏం బాగుచేస్తావు? అది మళ్లీ వెలిగిన రోజు నేను మీ అమ్మని ఒక్క మాట అంటే అడుగు."

"నేను చేస్తాను తాతయ్యా," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. తాతయ్య నన్ను ముంగి అని పిలుస్తాడు. "అబ్బో, ముంగికి నోరుందే," అన్నాడు. నవ్వాడు కానీ బీరువా తాళం మాత్రం ఇచ్చాడు. చేతులు కడుక్కునేటప్పుడు నానమ్మ నా పక్కన నిలబడి, "అవుతుందంటావా తల్లీ?" అని అడిగింది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో చూసి నాకు భయమేసింది.

అత్తయ్య కొట్టులో ఇద్దరం కూర్చుంటే మూడో మనిషికి చోటుండదు. బల్ల మీద దీపం కిందకి వంచి, చిలుము గట్టిపడిన అంచు చుట్టూ నా చేత బ్లేడుతో గీరించింది. వేడిగాలి తగిలించి, సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే మూత ఊడి వచ్చింది. లోపల నాలుగు బ్యాటరీలు తెల్లటి, పచ్చటి పొక్కుల్లో కూరుకుపోయి ఉన్నాయి.

"ముక్కు దగ్గర పెట్టకు. చేతులకి తొడుగులు వేసుకో," అంది అత్తయ్య. "లాగు. ఇంకా గట్టిగా. పెళ్లికూతురి గాజులు తొడుగుతున్నట్టు ఏమిటా సుకుమారం?"

ఎంత లాగినా రాలేదు. చివరికి పట్టకారుతో ఒకటి పీకాను. దాని మీద దూదితో వెనిగర్ అద్దితే బుసబుసమని నురగ పొంగింది. నురగ తుడిచాక, పొక్కుల కింద నీలం రంగు కనిపించింది.

అత్తయ్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని దీపం కింద తిప్పి చూసింది. బ్యాటరీ నడుముకి నీలం టేపు. ఒక చుట్టు. రెండోది పీకితే దానికీ అంతే. నాలుగింటికీ అంతే.

"నానమ్మ టార్చివి కావుగా ఇవి," అన్నాను.

"ఎలా అవుతాయి? ఆయన వేసినవే. టేపు మందానికి గూట్లో ఇరుక్కుపోయాయి. ఆసుపత్రికి వెళ్లేముందు తీద్దామని చూసుంటాడు, వచ్చుండవు, వదిలేశాడు." అత్తయ్య బ్యాటరీని బల్ల మీద పెట్టింది. "మరిచిపోయి అంటున్నాడో, తెలిసే అంటున్నాడో మరి. ఆ సంగతి మనకెందుకు. పందెం వెలిగించడం వరకే కదా. పారేసెయ్ వాటిని."

ఆమె లేచి ఫోను మాట్లాడుతుంటే బ్యాటరీలను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి నా బ్యాగులో పెట్టుకున్నాను.

తర్వాత సాయంత్రాలన్నీ అదే పని. పాత పళ్ల బ్రష్షుతో చిలుము తోమి, స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాను. బ్యాటరీలను పట్టి ఉంచే స్ప్రింగులు తుప్పుపట్టి, ముట్టుకుంటే పొడైపోయాయి. పాత టార్చి ఒకటి విప్పి దాని స్ప్రింగులు కత్తిరించి అతికించాం. అయినా వెలగలేదు. కరెంటు నడిచే రాగి గీతలను మీటరుతో ఒక్కొక్కటే తాకుతూ పోతే, ఒక గీత దగ్గర మీటరు కూత ఆగిపోయింది. కారిన నీరు అక్కడ రాగిని తినేసింది. అత్తయ్య ఇయర్‌ఫోన్ తీగలోంచి వెంట్రుకలాంటి పోగు ఒకటి తీసి, ఆ తెగిన రెండు కొసలనీ దానితో కలపమంది. మొదటిసారి నేను పెట్టిన టంకం పక్కకి పోయింది. "ఊపిరి బిగబట్టి పెట్టు. తర్వాత కావలసినంత పీల్చుకుందువు," అంది.

కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కితే నల్లటి అద్దంలో కుడివైపు ఒక ఆకుపచ్చ సున్నా వెలిగింది. ఇంత అందమైన సున్నాని నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి ఆదివారం భోజనాల దగ్గర దాన్ని తాతయ్య కంచం పక్కన పెట్టాను. అత్తయ్య కూడా వచ్చింది. తాతయ్య ఏవో రెండు పెద్ద అంకెలు గుణించి, అదే లెక్క పెదాలతో తనూ వేసుకుని సరిచూశాడు. సరిపోయింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాను. నానమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్క మాట కోసం. బాగైంది అన్నా చాలేది.

తాతయ్య కళ్లు తుడుచుకుని తినడం మొదలుపెట్టాడు. రెండో ముద్ద దగ్గర ఆగాడు.

"చప్పగా ఏడిసింది కూర. మిషన్ అయితే బాగయింది గానీ ఆ చెయ్యి బాగవదుగా."

నేను లేచి బ్యాగులోంచి సంచి తెచ్చి, నాలుగు బ్యాటరీలూ ఆయన కంచం ముందు వరసగా నిలబెట్టాను. "ఇవీ తాతయ్యా, లోపలున్నవి," అన్నాను.

అత్తయ్య నుదురు కొట్టుకుంది. తాతయ్య నీలం చుట్టు వైపు చూసి, తన గ్లాసు వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నానమ్మ ఒక బ్యాటరీ తీసుకుని కిటికీ వెలుగులో పట్టి చూసింది. తిరిగి దాని చోట అదే వరసలో నిలబెట్టింది.

"తినండి, చల్లారిపోతుంది," అంది.

ఆ పూట ఎవరూ మాట్లాడలేదు. నేను కోరుకున్న భోజనం అదే. అదొక్కటే.

ఆ రాత్రి తాతయ్య కంచం పక్కన నానమ్మ నాలుగు బ్యాటరీలూ సర్ది, కాలిక్యులేటర్ కూడా తెచ్చింది.

"ఏవండీ, ఒక లెక్క చెప్పండి. మీకు తెలియని లెక్కా. నన్ను ఎన్నేళ్లు అన్నారు మీరు? నొక్కండి. ఏడాదికి ఎన్ని రోజులు? నొక్కండి. రోజుకి రెండు పూటలు."

"చాల్లేవే. తప్పే. మరిచిపోయాను," అన్నాడు తాతయ్య.

"మరిచిపోతే గుర్తు తెచ్చుకోవడానికేగా మిషను. నొక్కండి."

ఆయన వేలు మీటల మీద తడబడింది. లెక్క వచ్చింది. నానమ్మ చదవబోతుంటే, "ఉండు, లీపు సంవత్సరాలు కలపలేదు," అని ఆయనే ఆ రోజులు కూడా కలిపాడు. తప్పు లెక్క చూస్తూ ఊరుకోవడం ఆయనకి చేతకాదు. అంకె ఇంకాస్త పెరిగింది.

"అన్ని పూటలు నేను పడ్డాను. ఇప్పుడు అన్ని పూటలు మీరు పడండి. పూటకొకటి తీసేసుకుందాం. అన్యాయం నాకొద్దు," అంది నానమ్మ. గొంతు పెంచలేదు. ఆయన్ని మీరు అనడం మానలేదు. "ఈ చేత్తో వండినదాన్ని ఆ చెయ్యి ఎత్తుకుని తింటోంది చూడమ్మా ముంగీ. ఆసుపత్రిలో పడుంటే పగలూ రాత్రీ మోసిన చెయ్యి దొంగ చెయ్యట. టేపు చుట్టిన చెయ్యి దొర చెయ్యట. ఇప్పుడు ఒకటి తీసెయ్యండి."

తాతయ్య ఒకటి తీసేశాడు.

ఇలా రోజూ జరుగుతోంది. తాతయ్య తన వస్తువుల మీద టేపులన్నీ గోళ్లతో గీరి పీకేశాడు. నానమ్మ కొత్త టేపు చుట్ట కొని, నా చేత మళ్లీ చుట్టించింది. నేను వద్దంటే, "నువ్వు తెచ్చిపెట్టిన న్యాయమే కదమ్మా," అంది. తాతయ్య నన్ను ముంగి అని పిలవడం లేదు. అసలు పిలవడమే లేదు.

ఒక మధ్యాహ్నం గమనించాను. పూట పూటకీ ఆయన మళ్లీ మొదటి నుంచీ గుణిస్తున్నాడు. ఏళ్లు, రోజులు, పూటలు, లీపు రోజులు. మళ్లీ అదే పెద్ద అంకె. మళ్లీ అందులోంచి ఒకటి.

భోజనమయ్యాక నానమ్మ కాలిక్యులేటర్ బోర్లించి, మూత తీసి, కొత్త బ్యాటరీలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"అలా తీసేస్తే అంకె పోతుంది నానమ్మా," అన్నాను. "రేపు మళ్లీ మొదటికొస్తుంది. ఆయన పూటలు ఎప్పటికీ తగ్గవు."

నానమ్మ బ్యాటరీలను చీరకొంగుతో తుడిచి డబ్బాలో పెట్టింది.

"లోపల వదిలేస్తే కారిపోవూ?" అంది.